నీట్ రివిజన్‌కు మాక్ టెస్టులు వాడుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ చదువుతున్నవారు, లాంగ్ టర్మ్‌లో ఉన్నవారు, వారి తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇవన్నీ వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ యూజీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. పరీక్ష నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి, మీరు రాసే సంవత్సరానికి, పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) ఇచ్చే ఇన్ఫర్మేషన్ బులెటిన్‌ను ఒకసారి పూర్తిగా చదవండి.

సిలబస్ పూర్తికాకుండానే మాక్ టెస్టులు మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టాలి, కానీ పూర్తి పేపర్‌తో కాదు. ఒక చాప్టర్ చదివిన రెండో రోజే ఆ చాప్టర్ మీద 30 నుంచి 45 ప్రశ్నల చిన్న టెస్టు రాయండి. బయాలజీకి ప్రశ్నకు 40 సెకన్లు, ఫిజిక్స్‌కు నిమిషంన్నర లెక్కన టైమ్ పెట్టుకోండి. నాలుగైదు చాప్టర్లు అయ్యాక వాటన్నిటినీ కలిపి ఒక పార్ట్ టెస్టు రాయండి. 180 ప్రశ్నల గ్రాండ్ టెస్టు మాత్రం సిలబస్‌లో కనీసం మూడొంతుల్లో రెండొంతులు అయ్యాకే రాయాలి. అంతకంటే ముందు రాస్తే సగం పేపర్ చదవని చాప్టర్లలోంచే వస్తుంది. మూడు గంటలూ పోతాయి, మనసూ చిన్నబోతుంది, తెలిసేదేమీ ఉండదు.

"మొత్తం చదివేశాక టెస్టులు రాస్తాను" అనుకునేవాళ్లకు ఆ రోజు మార్చి నెలాఖరు దాకా రాదు. అప్పటికి జూన్‌లో చదివిన చాప్టర్ సగం మర్చిపోయి ఉంటారు.

చదివిందే మళ్లీ చదువుకోక, టెస్టు ఎందుకు?

రెండోసారి చదివేటప్పుడు పేజీ పరిచయమైనదిగా అనిపిస్తుంది. బొమ్మ ఎక్కడుందో, ఏ వాక్యం కింద గీత గీశామో కూడా గుర్తొస్తుంది. అది గుర్తుపట్టడమే తప్ప గుర్తుతెచ్చుకోవడం కాదు. పరీక్ష హాల్లో కావాల్సింది రెండోది. పుస్తకం మూసి, జ్ఞాపకంలోంచి విషయాన్ని బయటికి లాగే ప్రతిసారీ ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది.

దీని మీద 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం బాగా ప్రసిద్ధి. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే కాస్త ముందున్నారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది: చదివి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే గుర్తుంది. రేపటి స్లిప్ టెస్టుకు మళ్లీ చదువుకోవడం సరిపోవచ్చు. మే నెలలో రాయబోయే పరీక్షకు చాలదు.

అందుకే ఈ పేజీ అంతటా టెస్టును కొలబద్దగా కాక, రివిజన్ పద్ధతిగానే చూస్తున్నాం. మార్కులు కన్నా, ఆ టెస్టు బయటపెట్టిన తప్పుల జాబితాకే విలువెక్కువ.

ఇప్పుడు పేపర్ ఎలా ఉంటుంది? అన్నయ్య, అక్క వాడిన పాత మాక్ పుస్తకాలు పనికొస్తాయా?

2025 నీట్ 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బోటనీ, జువాలజీ కలిపి 90. రైటుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. అన్నీ రాయాల్సిన ప్రశ్నలే. 2021 నుంచి 2024 వరకు 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు, ఒక్కో సబ్జెక్టులో సెక్షన్-బీ అనే రెండో భాగంలో 15లో 10 ఎంచుకునే వీలుండేది. 2022 నుంచి 2024 వరకు సమయం కూడా 200 నిమిషాలు.

కాబట్టి ఆ నాలుగేళ్ల నమూనాలో అచ్చైన మాక్ పుస్తకంలో ప్రశ్నలు వాడుకోవచ్చు గానీ, ఆ టైమ్ లెక్క వాడకూడదు. వదిలేసే వీలుంటుందన్న అలవాటు ఇప్పుడు నష్టం చేస్తుంది. పుస్తకంలో ఒక్కో సబ్జెక్టు నుంచి సెక్షన్-బీలో చివరి 5 ప్రశ్నలు కొట్టేయండి. బోటనీ, జువాలజీలకు విడివిడిగా కొట్టేస్తే 180 మిగులుతాయి. 180 నిమిషాలు అలారం పెట్టుకోండి.

సిలబస్‌లో ఇంకో చిక్కుంది. 2024 పరీక్ష నుంచి సిలబస్ తగ్గింది. ట్రాన్స్‌పోర్ట్ ఇన్ ప్లాంట్స్, మినరల్ న్యూట్రిషన్, డైజెషన్ అండ్ అబ్సార్ప్షన్, ఎన్విరాన్‌మెంటల్ ఇష్యూస్, సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్స్ లాంటివి పోయాయి. అదే సమయంలో కొన్ని చేరాయి: ఫిజిక్స్‌లో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూ గేజ్, మీటర్ బ్రిడ్జ్ లాంటి ప్రయోగాల యూనిట్, కెమిస్ట్రీలో ప్రాక్టికల్ కెమిస్ట్రీ యూనిట్, బోటనీలో మాల్వేసీ, లెగ్యుమినోసీ, కంపోజిటే, గ్రామినే లాంటి కుటుంబాలు. పాత మాక్‌లో పోయిన చాప్టర్ల ప్రశ్నలు వస్తాయి, చేరినవాటి మీద సరిపడా రావు. సిలబస్ కాపీ ఒకటి ప్రింట్ తీసి, టెస్టుకు ముందే ఎవరిచేతైనా పోయిన చాప్టర్ల ప్రశ్నలు కొట్టేయించండి. మీరే కొట్టేస్తే పేపర్ ముందే చూసినట్టవుతుంది.

పాత నీట్ ప్రశ్నపత్రాలు ముందా, మాక్ టెస్టులు ముందా?

చాప్టర్ స్థాయిలో పాత ప్రశ్నలు ముందు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో ఏ వాక్యం నుంచి ఎలా అడుగుతారో వాటిని చూస్తేనే తెలుస్తుంది. కానీ పూర్తి పేపర్లలో కనీసం ఐదారింటిని విడగొట్టకుండా దాచుకోండి. ఒకసారి ప్రశ్న చూస్తే జవాబు గుర్తుండిపోతుంది. తర్వాత ఆ పేపర్ 650 వచ్చిందని చూపించినా అది మీ మార్కు కాదు.

దాచుకోదగ్గవి మీరనుకున్నవాటికంటే ఎక్కువే ఉన్నాయి. 2016లో మేలో ఒకటి, జులైలో ఒకటి జరిగాయి. 2024లో మే 5 పేపర్ కాక, 1,563 మందికి జూన్ 23న మళ్లీ పెట్టిన పేపర్ ఉంది. అయితే ఒకే ఏడాది వేర్వేరు కోడ్‌ల పేపర్లను వేర్వేరు పేపర్లనుకోకండి. ప్రశ్నలవే, వరుస మారుతుంది, అంతే.

2025 పేపర్‌ను ఏప్రిల్ మొదటి వారం దాకా ముట్టుకోకుండా ఉంచండి. 180 నిమిషాల నమూనాకు, ఫిజిక్స్ ఎంత సమయం మింగేస్తుందో చూడడానికి అంతకంటే మంచి కొలత లేదు.

టెస్టు సిరీస్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఒక శాంపిల్ పేపర్ తీసుకుని, బయాలజీలో ఏవైనా 20 ప్రశ్నల జవాబులు ఎన్‌సీఈఆర్‌టీలో ఏ పేజీలో ఉన్నాయో వెతకండి. పదిహేడు, పద్దెనిమిదింటికైనా దొరకాలి. ఫిజిక్స్‌లో ఒక్కో ప్రశ్న అరపేజీ లెక్క పడుతుంటే అది జేఈఈ ప్రశ్నల్లోంచి తెచ్చి అతికించిన పేపర్. తర్వాత కీ (జవాబుల పట్టిక) చూడండి. పేపర్‌లో మూడు నాలుగు కీ తప్పులుంటే ఆ సిరీస్ వద్దు. తప్పు కీని నమ్మి తప్పు విషయాన్ని నేర్చుకోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

కీతో మీ జవాబు కలవకపోతే తీర్పు ఎన్‌సీఈఆర్‌టీ తాజా ప్రతిదే. "తాజా" అన్న మాట ఇక్కడ ముఖ్యం. 2024 నీట్‌లో పరమాణువు మీద వచ్చిన ఒక ఫిజిక్స్ ప్రశ్నకు పాత పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం ఇంకొకటి వచ్చాయి. ఎన్‌టీఏ మొదట రెండింటికీ మార్కులిచ్చింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒకటే సరైనదని తేల్చాక, ఆ జులైలో ఫలితాలు మళ్లీ ప్రకటించారు. 720కి 720 వచ్చినవాళ్లు 61 నుంచి 17కు తగ్గారు. సీనియర్ ఇచ్చిన పాత పుస్తకంతో సరిపెట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండు సిరీస్‌లు చాలు. నాలుగు కొనుక్కుని ఒక్కోదాంట్లో మూడేసి పేపర్లు రాయడం వల్ల ఉపయోగం లేదు.

ఇంట్లో మాక్ టెస్టు రాసేటప్పుడు ఏమేం పాటించాలి?

మధ్యాహ్నం 2 నుంచి 5. ఇదే మొదటి నియమం, చాలామంది తప్పేదీ ఇదే. ఉదయం తాజాగా ఉన్నప్పుడు రాసిన టెస్టు, అన్నం తిన్నాక కళ్లు మూతపడే వేళ రాసే పరీక్షకు ఏమీ చెప్పదు. ఏప్రిల్, మే ఎండల్లో 2 గంటలకు కూర్చుని మూడు గంటలు మెదడు పనిచేయించడం కూడా సాధనే. ఆ రోజు పన్నెండు, పన్నెండున్నరకే తేలికగా తినేయండి. పరీక్ష రోజు 1:30కే గేటు మూస్తారు కాబట్టి ఎలాగూ అంతే.

చేతి గడియారం పెట్టుకోకండి. నీట్‌లో అనుమతించరు. గోడ గడియారం చూసి టైమ్ లెక్కేసుకోవడం అలవాటు కావాలి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. స్టాప్‌వాచ్ కోసమని బల్ల మీద పెట్టినా చెయ్యి దానిమీదికే పోతుంది.

పెన్సిల్ వద్దు, బాల్ పాయింట్ పెన్నే వాడండి. చిత్తు పని ప్రశ్నపత్రంలోని ఖాళీల్లోనే చేయండి. పక్కన తెల్లకాగితాలు పెట్టుకుని లెక్కలు చేసే అలవాటున్నవాళ్లు పరీక్షలో ఇరుకు చోట తికమకపడి అంకెలు తప్పు ఎక్కించుకుంటారు. మధ్యలో నీళ్లకు, బాత్‌రూమ్‌కు లేవకుండా చూసుకోండి.

మూడు గంటలు ఎలా పంచుకోవాలి?

బయాలజీకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 65. చివర 15 మిగలాలి. ఇది మొదటి లెక్క, మీ బలాన్ని బట్టి పది నిమిషాలు అటూ ఇటూ చేసుకోండి. బయాలజీని 50లో ముగించడం తేలికనుకుంటారు. జతపరచండి ప్రశ్నలు, ఐదు వాక్యాలిచ్చి "సరైనవి ఎన్ని" అని అడిగేవి, అసర్షన్-రీజన్ కలిస్తే ఒక్కోటి నిమిషం దాటుతుంది. మామూలు ప్రశ్నలు 20 సెకన్లలో అయితేనే వాటికి సమయం దొరుకుతుంది.

ఏ సబ్జెక్టు ముందు? బయాలజీతో మొదలుపెడితే సగం మార్కులు గంటలోపే చేతికొస్తాయి, మనసు కుదురుకుంటుంది. మార్కులు సమానమైతే ర్యాంకులో ముందు చూసేదీ బయాలజీ మార్కులే. ఫిజిక్స్ బాగా వచ్చినవాళ్లు దాంతో మొదలుపెట్టడంలో తప్పులేదు. అయితే ఫిజిక్స్ కఠినంగా వచ్చిన రోజు మొదటి ఇరవై నిమిషాల్లోనే గుండె జారిపోయే ప్రమాదం ఉంది. మూడు మాక్‌లలో మూడు వరుసలు ప్రయత్నించి, ఒకటి ఖాయం చేసుకోండి. ఆ తర్వాత మార్చకండి.

ఫిజిక్స్‌లో ఒక్క ప్రశ్న మీద రెండు నిమిషాలు దాటితే గుండ్రం చుట్టి ముందుకెళ్లండి. అది రైటయినా నాలుగు మార్కులే. అదే సమయంలో చివరి పేజీలో చేతికందే రెండు ప్రశ్నలు చూడకుండానే టైమ్ అయిపోతుంది.

ఓఎంఆర్ (జవాబుల బబుల్స్ దిద్దే షీటు) చివర్లో ఒకేసారి నింపితే ఏమవుతుంది?

ఒక్కో బబుల్‌కు నాలుగు సెకన్లు వేసుకున్నా 180కి 12 నిమిషాలు. చివరి 12 నిమిషాల్లో చెయ్యి వణుకుతూ దిద్దుతుంటే వరుస తప్పుతుంది. 73వ ప్రశ్న వదిలేసి, 74 జవాబును 73లో దిద్దితే అక్కడినుంచి అన్నీ జరిగిపోతాయి. పెన్నుతో దిద్దింది చెరపడం కుదరదు.

ప్రశ్నకొకటి చొప్పున దిద్దడమూ నెమ్మదే. పేజీ పద్ధతి మేలు: పేజీలోని ప్రశ్నలన్నీ పేపర్ మీద టిక్ పెట్టుకోండి, పేజీ తిప్పేముందు వాటిని ఓఎంఆర్‌లో దిద్దండి. వదిలేసిన ప్రశ్న సంఖ్యకు పేపర్ మీద పెద్ద గుండ్రం చుట్టండి. ప్రతి పదో ప్రశ్న దగ్గర సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోండి. ఖాళీ ఓఎంఆర్ షీట్లు జిరాక్స్ తీయించి పెట్టుకుని, ప్రతి గ్రాండ్ టెస్టూ దానిమీదే రాయండి. స్టేషనరీ షాపుల్లో 180 ప్రశ్నల ఓఎంఆర్‌లు కట్టలుగా దొరుకుతాయి కూడా.

టెస్టు అయ్యాక ఏం చేయాలి?

అసలు రివిజన్ ఇక్కడ మొదలవుతుంది. మూడు గంటల టెస్టుకు నాలుగు గంటల విశ్లేషణ పెట్టుకోండి. అదే రోజు సాయంత్రం కాకపోయినా మర్నాడు ఉదయానికి దాటనివ్వకండి. ఆ ప్రశ్న దగ్గర ఏం ఆలోచించామో రెండు రోజుల తర్వాత గుర్తుండదు.

టెస్టు రాసేటప్పుడే ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు పెట్టాలి. ఖాయంగా తెలిసిందైతే ఏమీ వద్దు. రెండు ఆప్షన్ల మధ్య ఊగితే ఒక చుక్క. గుడ్డిగా పెడితే రెండు చుక్కలు. ఇది అలవాటైతే అదనంగా పట్టే సమయం ఏమీ ఉండదు.

కీ చూసేముందు ఒక పని చేయండి. వదిలేసినవి, చుక్కలున్నవి తీసుకుని, టైమ్ లేకుండా మళ్లీ ప్రయత్నించండి. ఇప్పుడు వచ్చేస్తే లోపం చదువులో లేదు, వేగంలోనో కంగారులోనో ఉంది. ఇప్పుడూ రాకపోతే చాప్టర్ చదవాలి. కీ చూసేశాక ఈ తేడా ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే జవాబు చూశాక ప్రతిదీ "ఓ, ఇదా, నాకు తెలుసు" అనే అనిపిస్తుంది.

తర్వాత తప్పులను విడదీయండి. ఉదాహరణకు ఒక పేపర్‌లో 128 రైటు, 34 తప్పు, 18 వదిలేసినవి అనుకుందాం. 512లోంచి 34 పోతే 478. ఆ 34 ఇలా విడిపోయాయనుకోండి: అసలు చదవనివి 9, చదివి మర్చిపోయినవి 11, ప్రశ్న సరిగ్గా చూడనివి 6, లెక్కలో తప్పినవి 5, బబుల్ తప్పు 1, గుడ్డిగా పెట్టినవి 2. ప్రశ్న చూడకపోవడం, లెక్క, బబుల్ కలిపి 12. వీటిలో ఒక్కోటి సరిదిద్దితే పోయిన ఒక మార్కు ఆగుతుంది, నాలుగు వస్తాయి, అంటే ఒక్కోదానికి ఐదు. పన్నెండుకు 60. ఒక్క కొత్త చాప్టర్ తెరవకుండా 478 కాస్తా 538. చాలామంది ఈ పని వదిలేసి, ఆ 9 చదవనివాటికోసం పరిగెడతారు.

చుక్కలున్నా రైటయిన ప్రశ్నలను కూడా వదలకండి. ఈసారి అదృష్టం కలిసొచ్చింది, పరీక్షలో రాకపోవచ్చు. అవీ తప్పుల జాబితాలోకే చేరాలి.

"అజాగ్రత్త తప్పులు" అంటారే, వాటిని ఎలా ఆపాలి?

"అజాగ్రత్త" అని రాసుకుంటే ఏమీ మారదు. ఏం జరిగిందో రాయాలి.

ఫిజిక్స్‌లో ఒకటి చూడండి. 100 వోల్టుల కింద వేగం పొందిన ఎలక్ట్రాన్ డీబ్రాగ్లీ తరంగదైర్ఘ్యం ఎంత? 12.27ను 100 వర్గమూలంతో భాగిస్తే 1.227 వస్తుంది, కానీ ఆంగ్‌స్ట్రామ్‌లలో. ఆప్షన్లలో 1.227 నానోమీటర్లు మొదటిదిగా, 0.1227 నానోమీటర్లు మూడోదిగా ఉంటాయి. అంకె కనిపించగానే మొదటిది దిద్దేస్తాం. ఇక్కడ రాసుకోవాల్సింది: "ఆప్షన్లలో యూనిట్ ముందు చూడాలి, లెక్క తర్వాత."

కెమిస్ట్రీలో: 0.1 మొలాల్ సోడియం క్లోరైడ్ ద్రావణం ఘనీభవన స్థానం ఎంత తగ్గుతుంది? 1.86ను 0.1తో గుణించి 0.186 అని పెట్టేస్తాం. సోడియం క్లోరైడ్ రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి 0.372 కెల్విన్. 0.186 ఆప్షన్లలో ఉంటుంది, మీకోసమే పెడతారు. రాసుకోవాల్సింది: "లవణం కనిపిస్తే వాంట్ హాఫ్ గుణకం."

బయాలజీలో ఎక్కువగా "సరికానిది గుర్తించండి" దగ్గర తప్పుతారు. మొదటి వాక్యం రైటుగా కనిపించగానే టిక్ పెట్టేస్తారు. ప్రశ్న చదవగానే "కానిది" అన్న మాట చుట్టూ గుండ్రం చుట్టి, ఆప్షన్ల పక్కన ఒక్కోదానికి రైటు, తప్పు గుర్తులు పెట్టండి. తప్పు గుర్తు ఒక్కదానికే పడాలి.

తప్పుల పుస్తకం ఎలా రాయాలి?

ప్రశ్న మొత్తం ఎత్తిరాయకండి, వారంలో విసుగొస్తుంది. ఎడమవైపు చిన్న ప్రశ్న, కుడివైపు జవాబు, కింద ఎన్‌సీఈఆర్‌టీ పేజీ నంబరు, తప్పు ఏ రకమో ఒక్క అక్షరం. కుడివైపు చెయ్యి అడ్డం పెట్టి జవాబు చెప్పుకోవడానికి వీలుగా ఉండాలి.

ఒక తప్పు చుట్టూ ఉన్న వరుసంతా రాయండి. ఇసినోఫిల్స్ శాతం తప్పారనుకోండి. 2-3 శాతం అని ఒక్కటే రాసుకుంటే, వచ్చే టెస్టులో మోనోసైట్స్ అడుగుతారు. న్యూట్రోఫిల్స్ 60-65, లింఫోసైట్స్ 20-25, మోనోసైట్స్ 6-8, ఇసినోఫిల్స్ 2-3, బేసోఫిల్స్ 0.5-1. ఐదూ చూడకుండా రాయగలిగినప్పుడే ఆ తప్పు తీరినట్టు.

మూడో రోజు, పదో రోజు, నెల తర్వాత మిమ్మల్ని మీరే మళ్లీ అడగండి. మూడుసార్లూ వరుసగా చెప్పగలిగితే కొట్టేయండి. పుస్తకం నిండడం కన్నా, అందులో కొట్టేసినవి పెరగడం చూడండి.

నెగటివ్ మార్కులున్నాయి కదా, తెలియని ప్రశ్న వదిలేయాలా?

లెక్క చూద్దాం. ఐదు ప్రశ్నలు పెట్టి ఒకటి రైటయితే నాలుగు వస్తాయి, నాలుగు పోతాయి. అంటే 20 శాతం దాటి రైటవుతుంటే నష్టం లేదు. ఒక ఆప్షన్ కూడా కొట్టేయలేక 20 ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున 5 రైటు, 15 తప్పు: 5 మార్కుల లాభం. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగి 20 పెడితే 10 రైటు, 10 తప్పు: 30 మార్కుల లాభం.

ఇది కాగితం మీది లెక్క. పేపర్ తయారుచేసేవాళ్లు ఆకర్షించే తప్పు ఆప్షన్ ఒకటి పెడతారు కాబట్టి, ఏమీ తెలియనప్పుడు మనసుకు తోచింది పెడితే నాలుగింటికి ఒకటి కూడా రైటు కాకపోవచ్చు. మీకెంత రైటవుతుందో మీ చుక్కలే చెబుతాయి. ఐదారు మాక్‌లలో ఒక చుక్క ప్రశ్నలెన్ని, వాటిలో రైటయినవెన్ని, రెండు చుక్కలవెన్ని, వాటిలో ఎన్ని, లెక్కపెట్టండి. ఒక చుక్కవి సగం దాకా రైటవుతుంటే ఎప్పుడూ వదలకండి. రెండు చుక్కలవి ఐదింటికి ఒకటి కూడా కాకపోతే వదిలేయండి. భయం మీదో ధైర్యం మీదో కాక, ఈ లెక్క మీద నిర్ణయం తీసుకోండి.

ఆరు మాక్‌లు రాసినా మార్కులు అక్కడే ఆగాయి. ఎందుకు?

ముందు నిజంగా ఆగాయో లేదో చూడండి. పేపర్ కష్టాన్ని బట్టి మార్కులు పెద్ద ఎత్తున మారతాయి. నీట్‌నే తీసుకోండి: 2024లో మొదటి ర్యాంకువాళ్లకు 720, 2025లో 686. జనరల్ అర్హత మార్కు 162 నుంచి 144కు దిగింది. కాబట్టి ఒక్క టెస్టు చూసి సంతోషించొద్దు, కుంగిపోవద్దు. మూడేసి టెస్టుల సగటు చూడండి.

సగటు కూడా కదలకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: టెస్టు తర్వాత టెస్టు రాస్తున్నారు, మధ్యలో తప్పులు తీర్చడం లేదు. ఒక వారం గ్రాండ్ టెస్టు ఆపండి. గత మూడు టెస్టుల్లో ఎక్కువ తప్పులొచ్చిన నాలుగు చాప్టర్లు తీసుకుని, ఒక్కోదానిమీద చదవడం, 45 ప్రశ్నలు రాయడం, రెండు రోజుల తర్వాత ఇంకో 30 రాయడం చేయండి. ఆ తర్వాత మళ్లీ పూర్తి పేపర్.

ఫిజిక్స్ అంటేనే భయం. మాక్‌తో లాభముందా?

ఉంది, కానీ చిన్నగా. రోజూ 15 ఫిజిక్స్ ప్రశ్నలు 22 నిమిషాల్లో రాయండి. సొల్యూషన్ చదివి అర్థమైందని పక్కన పెట్టకండి. కాగితం మూసి, మొదటి గీత నుంచి చివరి అంకె దాకా మీ చేత్తో మళ్లీ చేయండి. కళ్లకు తెలిసినట్టుండేది చేతికి రావడం వేరు. సెమీకండక్టర్స్, డ్యుయల్ నేచర్, ఆటమ్స్, న్యూక్లియై, యూనిట్స్, థర్మోడైనమిక్స్ లాంటి చిన్న చాప్టర్లతో మొదలుపెడితే తొందరగా నిలదొక్కుకుంటారు.

తెలుగు మీడియం విద్యార్థులు ఏ మాక్‌లు రాయాలి?

నీట్ తెలుగులోనూ రాయొచ్చు. భాషను దరఖాస్తులోనే ఎంచుకోవాలి. తెలుగు ఎంచుకుంటే బుక్‌లెట్‌లో ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. రెండింటికీ తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రమాణం. అందుకే ఇంగ్లిష్ వాక్యం మీదికీ కన్ను పోయే అలవాటు చేసుకోవాలి.

తెలుగులో మంచి మాక్‌లు తక్కువ. చాప్టర్ టెస్టులు తెలుగులో, గ్రాండ్ టెస్టులు ఇంగ్లిష్‌లో రాయండి. ఇంగ్లిష్ టెస్టులో అర్థంకాని ప్రతి పదానికీ ఎదురుగా తెలుగు అకాడమీ పుస్తకంలోని పదం రాసుకోండి: మైటోసిస్ సమవిభజన, మియోసిస్ క్షయకరణ విభజన, స్టొమేటా పత్రరంధ్రాలు. రెండు మూడు వందల పదాలు చాలు, బయాలజీ పేపర్ తేలికవుతుంది. పదం తెలియక పోయిన మార్కును చదవక పోయిన మార్కుగా లెక్కేయకండి.

ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, ఎప్‌సెట్ మధ్యలో ఎలా నెట్టుకురావాలి?

పబ్లిక్ పరీక్షలకు నెల ముందు నుంచి గ్రాండ్ టెస్టులు ఆపేయండి. రోజుకు 30 ప్రశ్నలు, అరగంట, అంతే. ఆ నెలలో వ్యాసరూప జవాబులు రాయడం కూడా రివిజనే.

ఎప్‌సెట్ విషయంలో ఒక జాగ్రత్త. అగ్రికల్చర్, ఫార్మసీ పేపర్‌లో 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కుల్లేవు, కంప్యూటర్ మీద రాస్తారు. అక్కడ అన్నీ పెట్టడమే సరైన పద్ధతి. ఆ అలవాటుతోనే నీట్‌కు వస్తే రెండు చుక్కల ప్రశ్నలన్నీ దిద్దేస్తారు. రెండు పరీక్షల మధ్య ఒక్కటైనా ఓఎంఆర్ మాక్ రాసి చేతికి పాత అలవాటు గుర్తుచేయండి.

ఫోన్ యాప్‌లో రాసే టెస్టులు సరిపోతాయా?

చాప్టర్ టెస్టులకు బాగుంటాయి, బస్సులో కూడా 20 ప్రశ్నలు అవుతాయి. గ్రాండ్ టెస్టుకు పనికిరావు. ఆప్షన్ నొక్కడం, బబుల్ దిద్దడం ఒకటి కాదు. తెరమీద ఆప్షన్లు కొట్టేయలేం, బొమ్మ మీద గీతలు గీయలేం.

మొత్తం ఎన్ని గ్రాండ్ టెస్టులు రాయాలి? చివరిది ఎప్పుడు?

పబ్లిక్ పరీక్షలు అయ్యాక మే మొదటి వారం దాకా దాదాపు ఆరు వారాలుంటాయి. వాటిలో 12 నుంచి 15. ఒక రోజు టెస్టు, మర్నాడు విశ్లేషణ, మూడో రోజు తప్పొచ్చిన చాప్టర్లు. రోజూ ఒకటి రాసి 40 పూర్తిచేసినవాళ్లకంటే ఇలా 14 రాసినవాళ్లే ముందుంటారు, తీర్చుకున్న తప్పులు వాళ్లవే ఎక్కువ కాబట్టి.

చివరి గ్రాండ్ టెస్టు పరీక్షకు నాలుగు రోజుల ముందు. అది కూడా మీరు దాచుకున్న పాత నీట్ పేపర్ అయితే మంచిది. ఆ తర్వాత కొత్త ప్రశ్నలేవీ ముట్టుకోకండి. వాట్సాప్‌లో వచ్చే "ఇదే పేపర్" ఫైళ్లు తెరవకండి.

మా అబ్బాయికి మాక్‌లో మార్కులు తగ్గాయి. ఇంట్లో ఏమని అడగాలి?

"ఎన్నొచ్చాయి?" అని అడిగితే పిల్లలు తేలిక టెస్టులు వెతుక్కుంటారు, లేదా మార్కులు దాస్తారు. "ఈసారి ఏ రకం తప్పులు ఎక్కువొచ్చాయి?" అని అడగండి. తప్పుల పుస్తకం తీసుకుని కుడివైపు చెయ్యి అడ్డం పెట్టి పది ప్రశ్నలు అడగండి. మీకు బయాలజీ రానక్కర్లేదు, జవాబు పక్కనే ఉంటుంది. పక్కింటి అమ్మాయి మార్కులతో పోల్చకండి. ఆ అమ్మాయి రాసింది వేరే సిరీస్, వేరే పేపర్. టెస్టు రోజు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఇంట్లో టీవీ ఆపి, బంధువులను సాయంత్రం రమ్మని చెప్పగలిగితే అదే పెద్ద సాయం.

చివరి మూడు రోజులు ఏం చేయాలి?

తప్పుల పుస్తకంలో ఇంకా కొట్టేయనివి, ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ బొమ్మలు, కెమిస్ట్రీ పట్టికలు, ఫిజిక్స్ సూత్రాలు. రోజూ 2 నుంచి 5 మధ్య పడుకోకుండా, అదే కుర్చీలో కూర్చుని వీటినే తిరగేయండి. ముందురోజు అడ్మిట్ కార్డు, ఫొటోలు, గుర్తింపు కార్డు ఒక పారదర్శక కవర్‌లో పెట్టి, వీలైతే సెంటర్‌కు ఒకసారి వెళ్లి దారి చూసి రండి.